పాత డీజిల్ వ్యాన్: సెల్ఫ్ తిరుగుతోంది, స్టార్ట్ మాత్రం అవట్లేదు. పంప్ దింపాల్సిందేనా?

పాతబండి:

అందరికీ నమస్తే. నాది బాగా పాత డీజిల్ వ్యాన్. నాలుగు సిలిండర్లు, టర్బో లేదు, కామన్ రైల్ (కంప్యూటర్ నడిపే కొత్త తరహా డీజిల్ ఇంజెక్షన్) కాదు, బాష్ వీఈ రకం రోటరీ పంప్ (నాజిల్స్‌కి డీజిల్ పంపే పాత తరహా పంప్) ఉన్న ఇంజిన్. కొన్నాళ్లుగా పొద్దున పూట చాలాసేపు సెల్ఫ్ కొడితే తప్ప అందుకునేది కాదు, ఒకసారి అందుకుంటే మాత్రం ఇక రోజంతా ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఫిల్టర్ అయి ఉంటుందిలే అని మార్పించాను. మార్చాక ఒకటి రెండుసార్లు కష్టం మీద స్టార్ట్ అయింది, ఇప్పుడు అదీ లేదు.

సెల్ఫ్ బలంగానే తిరుగుతోంది, బ్యాటరీ కొత్తది. ఫిల్టర్ మీద ఉండే హ్యాండ్ ప్రైమర్ (చేత్తో నొక్కి పైపులో డీజిల్ నింపే చిన్న పంప్) ఎంత నొక్కినా గట్టిపడదు, మెత్తగా లోపలికి పోయి మళ్లీ పైకి వస్తుంది, అంతే. ట్యాంకులో పావు వంతు కంటే తక్కువే డీజిల్ ఉంది కానీ ఖాళీ అయితే కాదు. బండి కింద ఎక్కడా ఒక్క చుక్క కూడా కారడం లేదు కాబట్టి పైపుల్లో లీకేజీ లేదనే అనుకుంటున్నా.

చూసిన మెకానిక్ పంప్ పోయింది, దింపి టెస్ట్ బెంచ్ మీద పెట్టాల్సిందే అంటున్నాడు. పంప్ దింపడం అంటే టైమింగ్ బెల్ట్ కూడా విప్పాలి, ఆ ఖర్చు తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. అంతదాకా వెళ్లేముందు నేనే చూసుకోగలిగినవి ఏమైనా ఉన్నాయా? స్పానర్లు, మల్టీమీటర్ ఉన్నాయి, వాడటం వచ్చు.

వైరింగ్‌వీరుడు:

తాళం ఆన్ చేయగానే వెనక ట్యాంకులోంచి రెండు సెకన్లు గుయ్‌మని శబ్దం వస్తోందా? రాకపోతే ఫ్యూయల్ పంప్ ఫ్యూజు చూడండి, తర్వాత రిలే చూడండి. పక్కన అదే రకం రిలే ఇంకోటి ఉంటే దాన్ని తీసి ఇందులో పెట్టి చూడొచ్చు. నాకు వచ్చిన బళ్లలో ఎక్కువ కేసులు రిలేనే.

రాత్రిషెడ్డు:

వీరుడు అన్నా, ఆ సలహా పెట్రోల్ ఇంజెక్షన్ బండికి సరిగ్గా సరిపోతుంది, దీనికి కాదు. ఆయన చెప్పిన రకం పాత డీజిల్ బళ్లలో చాలావాటికి ట్యాంకులో కరెంటు పంపే ఉండదు. రోటరీ పంప్ లోపల చిన్న వేన్ పంప్ ఒకటి ఉంటుంది, అదే ట్యాంకు నుంచి ఫిల్టర్ మీదుగా డీజిల్‌ని లాక్కుంటుంది.

పాతబండి గారూ, అసలు సంగతి ఇక్కడే ఉంది. ట్యాంకు నుంచి పంప్ దాకా ఉన్న పైపు మొత్తం పీల్చే వైపు. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు అందులో ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ ఉంటుంది. కాబట్టి అక్కడ సన్న పగులు ఉన్నా డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. చిల్లి పడ్డ స్ట్రాతో మజ్జిగ తాగితే బట్టల మీద పడదు, నోట్లోకి మజ్జిగ బదులు గాలి వస్తుంది, అంతే తేడా. "చుక్క కూడా కారడం లేదు, కాబట్టి లీకేజీ లేదు" అన్నారు చూడండి, ఆ లెక్క ఈ వైపు పనిచేయదు.

మీరు చెప్పిన లక్షణాలు కూడా అటే చూపిస్తున్నాయి. రాత్రంతా నిలబెడితే ఆ పగులులోంచి గాలి చేరి పైపులో ఉన్న డీజిల్ మెల్లగా ట్యాంకులోకి వెనక్కి జారిపోతుంది, పొద్దున ఆ ఖాళీ అంతా నిండేదాకా సెల్ఫ్ కొట్టాలి, నిండాక రోజంతా బాగుంటుంది. పంప్ హెడ్ (డీజిల్‌ని ఒత్తిడితో నాజిల్స్‌కి పంపే భాగం) అరిగిపోతే సాధారణంగా దీనికి ఉల్టాగా ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు అందుకుంటుంది, బాగా వేడెక్కి ఆపాక మళ్లీ స్టార్ట్ చేయబోతే సతాయిస్తుంది. వేడికి డీజిల్ పలచబడి అరిగిన సందుల్లోంచి జారిపోతుంది కాబట్టి. మీ బండి కథ అది కాదు.

పంప్ దింపేముందు ఒక్క పరీక్ష చేయండి, బాటిల్ పరీక్ష. ఒక శుభ్రమైన డబ్బాలో వడగట్టిన డీజిల్ పోసి పంప్ కంటే ఎత్తులో గట్టిగా కట్టండి. పంప్‌కి డీజిల్ వచ్చే పైపు పీకేసి, దాని స్థానంలో పారదర్శకమైన పైపు ఒకటి డబ్బా అడుగు నుంచి నేరుగా పంప్‌కి పెట్టండి. రిటర్న్ పైపుని ఇంకో డబ్బాలోకి వదలండి. అంటే ట్యాంకు, ఛాసిస్ కింది పైపులు, ఫిల్టర్, ప్రైమర్ అన్నీ పక్కన పెట్టేసినట్టు. ఇప్పుడు స్టార్ట్ అయి నిలకడగా ఆడితే మీ పంప్ బాగుంది, తప్పంతా దానికి ముందే ఉంది. ఇప్పుడూ అందుకోకపోతే అప్పుడు పంప్ గురించి, సోలెనాయిడ్ (తాళం తీస్తే పంప్‌లో డీజిల్ ఆపేసే కరెంటు వాల్వు) గురించి మాట్లాడుకుందాం. పెద్ద సామాను ఏమీ అక్కర్లేదు, అయినా ఈ పరీక్ష చేయకుండానే పంపులు దింపేసే వాళ్లు చాలామంది ఉన్నారు, నాకు అదే చిరాకు.

ఒక జాగ్రత్త: పైపు పీకే ముందు ఆ చోటంతా బ్రష్‌తో శుభ్రంగా తుడవండి. ఇసుక రేణువు ఒకటి పంప్‌లోకి పోయినా లేని జబ్బు తెచ్చుకున్నట్టే. బంజో బోల్టులు (పైపుల్ని పంప్‌కి బిగించే, లోపల బోలుగా ఉండే బోల్టులు) విప్పితే ఇన్, అవుట్ బోల్టులు కలిపేయకండి, అవుట్ బోల్టులో సన్న రంధ్రం ఉంటుంది, చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. అవి తారుమారైతే పంప్ లోపలి ఒత్తిడి దెబ్బతింటుంది, ఆ తర్వాత ఎంత వెతికినా తప్పు దొరకదు.

నాజిల్‌మాస్టర్:

పైన చెప్పింది సరైనదే కానీ దానికంటే ముందు చూడాల్సింది ఇంకోటి ఉంది, ఎవరూ అడగలేదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు సైలెన్సర్‌లోంచి పొగ వస్తోందా లేదా? వెనక ఎవరినైనా నిలబెట్టి చూడమనండి. తెల్లగా, ఘాటైన డీజిల్ వాసనతో పొగ వస్తుంటే సిలిండర్లలోకి డీజిల్ చేరుతోంది, మండటం లేదు. అప్పుడు హీటర్ ప్లగ్‌లు (స్టార్టింగ్‌కి ముందు సిలిండర్ లోపల వేడిచేసేవి), కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి), టైమింగ్ వైపు వెళ్లాలి, ఇక్కడ పైపులు వెతకడం దండగ. ఏ పొగా లేకపోతే డీజిల్ లోపలికి చేరడం లేదన్నమాట. సగం సమస్య ఇక్కడే తేలిపోతుంది.

పొగ లేకపోతే రెండో అడుగు స్టాప్ సోలెనాయిడ్. పంప్ వెనక వైపు, నాజిల్ పైపులు బయలుదేరే చోట, ఒకే వైరు నట్టుతో బిగించి ఉండే గుండ్రటి ముక్క. తాళం ఆన్ చేసి ఆ వైరు పీకి మళ్లీ తాకించండి, ప్రతిసారీ టక్‌మని వినపడాలి. మల్టీమీటర్ పెడితే తాళం ఆన్‌లో దాదాపు 12 వోల్టులు రావాలి. ఇక్కడితో ఆపేయకండి, సెల్ఫ్ కొడుతూ కూడా చూడండి. పాత తాళం స్విచ్‌లలో ఆన్‌లో కరెంటు వస్తుంది, సెల్ఫ్ వైపు తిప్పగానే ఆ వైరుకి కరెంటు పోతుంది. దాంతో సెల్ఫ్ తిరిగినంతసేపు డీజిల్ బంద్. బ్యాటరీ ప్లస్ నుంచి మధ్యలో ఫ్యూజు ఉన్న వేరే వైరు నేరుగా సోలెనాయిడ్‌కి ఇచ్చి చూస్తే తేలిపోతుంది. అలా ఇచ్చి స్టార్ట్ చేస్తే తాళం తీసినా ఇంజిన్ ఆగదు, ఆ వైరు పీకితేనే ఆగుతుంది, గుర్తుంచుకోండి. ఇమ్మొబిలైజర్ (అసలు తాళం లేకపోతే స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ఉన్న కొన్ని బళ్లలో సోలెనాయిడ్ మీద లోహపు కవచం ఉంటుంది, దానికి ఈ పద్ధతి కుదరదు.

మూడోది, నాజిల్ పైపుల నట్లు. సోలెనాయిడ్ బాగుండి కూడా అందుకోకపోతే, నాజిల్ దగ్గర నట్టు ఒక చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టిస్తే డీజిల్ కొంచెం కొంచెంగా చిమ్మాలి. నురగలా వస్తే ఇంకా ఎయిర్ ఉంది, అలాగే కొట్టిస్తే ఎయిర్ పోయి డీజిల్ వస్తుంది, అప్పుడు బిగించేయాలి. అసలేమీ రాకపోతే పంప్ నుంచే రావడం లేదు. సెల్ఫ్‌ని ఒకేసారి 10 సెకన్లకు మించి కొట్టకండి, మధ్యలో నిమిషం ఆపండి, లేకపోతే డీజిల్ సమస్య తీరేలోగా సెల్ఫ్ మోటార్ కాలుతుంది.

ఇది చదివే ఇంకెవరైనా కామన్ రైల్ బండి మీద ఈ నట్ల పని చేయకండి, దయచేసి. అక్కడ 1000 బార్ పైన ఒత్తిడి ఉంటుంది. పాత ఇంజిన్లలో కూడా నాజిల్ తెరుచుకోవడానికే 100 బార్ పైగా కావాలి, కాబట్టి చిమ్మే చోట వేలు పెట్టి చూడటం లాంటివి వద్దు. ఆ ధార చర్మంలోంచి లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత చుక్కే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండకపోవచ్చు, అయినా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సిన దెబ్బ అది.

గేర్‌నూనె:

ఇంత ఎందుకు బాస్, ఎయిర్ ఫిల్టర్ తీసి ఈథర్ స్ప్రే ఒకటి కొట్టండి, అందుకుంటే డీజిల్ సమస్య, లేకపోతే కంప్రెషన్ సమస్య. ఒక్క నిమిషం పని.

నాజిల్‌మాస్టర్:

హీటర్ ప్లగ్‌లు ఉన్న ఇంజిన్‌లో ఈథర్ కొట్టొద్దు. ఎర్రగా కాగిన ప్లగ్‌కి తగిలి, పిస్టన్ పైకి రాకముందే అంటుకుంటుంది. పిస్టన్ పగలొచ్చు, మంట ఇంజిన్‌కి గాలి వెళ్లే మానిఫోల్డ్‌లోకి వెనక్కి తన్నొచ్చు. పొగ చూస్తే తెలిసే దానికి ఇంజిన్‌ని పందెం కాయడం ఎందుకు?

గేర్‌నూనె:

ఓకే ఓకే, నేను హీటర్ ప్లగ్ లేని ట్రాక్టర్ ఇంజిన్లకి అలవాటు పడి చెప్పా.

పాతబండి:

అందరికీ థ్యాంక్స్. చేసిన వరకు చెప్తాను.

పొగ అస్సలు లేదు, మా తమ్ముణ్ణి వెనక నిలబెట్టి చూశాను. సోలెనాయిడ్ టక్‌మంటోంది, తాళం ఆన్‌లో 12.4 వోల్టులు, సెల్ఫ్ కొడుతుంటే 10.6 దగ్గర ఉంది, అంటే వైరు బాగానే ఉన్నట్టేగా? తర్వాత బాటిల్ పరీక్ష. మొదట కొంచెం సేపు ఏమీ లేదు, నాజిల్ నట్లు వదులు చేసి కొట్టిస్తే ముందు నురగ వచ్చి తర్వాత డీజిల్ చిమ్మింది, బిగించి మళ్లీ కొడితే బుస్‌మని తెల్ల పొగ వదిలి స్టార్ట్ అయింది! డబ్బాలో డీజిల్ ఉన్నంతసేపు ఎక్కడా తడబడకుండా ఆడింది. ఆపి మళ్లీ కొట్టినా వెంటనే అందుకుంది.

కాబట్టి పంప్ దింపడం ప్రస్తుతానికి లేదు. ఇప్పుడు ట్యాంకు నుంచి పంప్ దాకా ఎక్కడ వెతకాలి? పైపు చాలా పొడవుంది, కొంత ఇనుప పైపు, మధ్యలో రబ్బరు ముక్కలు, సగం ఛాసిస్ లోపల కనిపించకుండా పోతుంది.

రాత్రిషెడ్డు:

అదీ లెక్క! సెల్ఫ్ కొడుతుంటే 10.6 అంటే చాలా బాగుంది, దాని సంగతి వదిలేయండి.

ఇక వెతకడం. పైపు మొత్తం తడుముకుంటూ పోవద్దు, సగానికి సగం కోసుకుంటూ పోవాలి. పారదర్శకమైన పైపు ముక్కలు రెండు తీసుకోండి, ఒకటి ఫిల్టర్‌కి ముందు, ఒకటి ఫిల్టర్ తర్వాత పెట్టి మామూలు ట్యాంకు లైన్ కలిపేయండి. స్టార్ట్ చేసి ఆ రెండు చోట్లా బుడగలు చూడండి. ముందు ముక్కలో డీజిల్ శుభ్రంగా ఉండి, తర్వాతి ముక్కలో బుడగలు వస్తుంటే గాలి ఫిల్టర్ హెడ్ దగ్గరే వస్తోంది: ఫిల్టర్ ఓ రింగ్, అడుగున నీళ్లు వదిలే ప్లగ్ రింగ్, లేదా ప్రైమర్. ముందు ముక్కలోనే బుడగలు ఉంటే ట్యాంకు వైపు వెళ్లాలి.

నా అనుమానం ప్రైమర్ మీద. దాని లోపల ఉండే రబ్బరు డయాఫ్రమ్ (పలచటి పొర) ఏళ్ల తరబడి ఎవరూ నొక్కకపోతే ఎండిపోయి ఉంటుంది, ఫిల్టర్ మార్చిన రోజు గట్టిగా నొక్కుతారు, అప్పుడే చిరుగుతుంది. ఫిల్టర్ మార్చాక ఇంకా చెడింది అన్నారు కదా, కథ అందుకే కుదురుతోంది. ఇంకో గుర్తు: ప్రైమర్ నొక్కితే లోపలే ఉండిపోయి మెల్లగా పైకి వస్తే ముందు ఎక్కడో అడ్డం ఉంది. మీరు చెప్పినట్టు మెత్తగా పోయి వెంటనే వచ్చేస్తూ, ఎంతకీ గట్టిపడకపోతే గాలి పీలుస్తోంది, లేదా లోపలి వాల్వులు పట్టడం లేదు.

ట్యాంకు వైపు అయితే, ముందు ట్యాంకు నింపి చూడండి. పావు వంతు కంటే తక్కువ ఉంది అన్నారు కదా, ట్యాంకులో డీజిల్ పీల్చే నిలువు పైపుకి తుప్పు పట్టి మధ్యలో చిల్లి పడితే డీజిల్ ఆ చిల్లి కిందకి దిగగానే గాలి పీలుస్తుంది, నింపితే మాయమవుతుంది. అలాగే బండిని ఒక రాత్రి ముందు భాగం పల్లం వైపు ఉండేలా, ఇంకో రాత్రి ఎత్తు వైపు ఉండేలా నిలబెట్టి చూడండి. పల్లం వైపు నిలబెట్టినప్పుడు సులువుగా అందుకుని, ఎత్తు వైపు నిలబెట్టినప్పుడు మొరాయిస్తే వెనక్కి జారడం ఖాయం. నిలబెట్టేది చక్రాలకి అడ్డం పెట్టి, చెప్పక్కర్లేదనుకోండి.

వైరింగ్‌వీరుడు:

డీజిల్ అని గమనించలేదు, సారీ. ఒక సందేహం, ఇంత వెతికే బదులు లైన్‌లో ఒక వన్‌వే వాల్వు పెట్టేస్తే డీజిల్ వెనక్కి పోదు కదా, పని అయిపోతుంది?

రాత్రిషెడ్డు:

కొందరు పెడతారు, నాకు నచ్చదు. వాల్వు డీజిల్ వెనక్కి జారకుండా ఆపుతుంది, గాలి లోపలికి రాకుండా ఆపదు. పొద్దున స్టార్టింగ్ కొంచెం మెరుగవుతుంది, పగులు అలాగే పెద్దదవుతూ ఉంటుంది, ఒకరోజు లోడు మీద ఎక్కుడులో ఆగిపోతుంది. పైగా పీల్చే వైపు ప్రతి వాల్వూ ఒక అడ్డమే, లోపలి వేన్ పంప్‌కి పీల్చే బలం అంత ఎక్కువ ఉండదు.

నాజిల్‌మాస్టర్:

ఇంకో చోటు కూడా చూడండి, చాలామంది మర్చిపోతారు. నాజిల్ నుంచి నాజిల్‌కి సన్నగా పోయే రిటర్న్ రబ్బరు పైపులు, పైన గుడ్డ అల్లిక ఉంటుంది, పాతవైతే వేలితో నొక్కగానే పొడిపొడిగా రాలతాయి. చివరి నాజిల్‌కి వేరే పైపు పోదు కాబట్టి చిన్న రబ్బరు టోపీ ఉంటుంది, అది పగిలినా అంతే. ఇంజిన్ ఆడుతుంటే అక్కడ తడి కనిపిస్తుంది, ఆపాక అక్కడి నుంచే గాలి పోతుంది. మొత్తం సెట్ మార్చడం కూడా చాలా చిన్న పని. పంప్ షాఫ్ట్ సీల్ కూడా అంతే, ఆడుతున్నప్పుడు కారుతుంది, ఆగాక గాలి పీలుస్తుంది, కాబట్టి పంప్ ముందు భాగం కింద తడి ఉందేమో ఒకసారి చూడండి. తడి ఉంటే అది టైమింగ్ బెల్ట్ మీద పడకూడదు, డీజిల్ తగిలితే బెల్ట్ రబ్బరు పాడవుతుంది.

పాతబండి:

దొరికింది, అదీ ఒక చోట కాదు, రెండు చోట్ల.

ఫిల్టర్ తర్వాత పెట్టిన ముక్కలో పెద్ద పెద్ద బుడగలు పరుగులు పెడుతున్నాయి, ఫిల్టర్‌కి ముందు ముక్కలో సన్నవి అప్పుడప్పుడు. ప్రైమర్ విప్పితే డయాఫ్రమ్ అంచున అర అంగుళం చీలిక. కొత్త ప్రైమర్ వేశాను, పెద్ద బుడగలు పోయాయి, ఇప్పుడు నొక్కితే రాయిలా గట్టిపడుతోంది. సన్న బుడగల కోసం ట్యాంకు నింపించి చూస్తే తేడా లేదు. తర్వాత కిందకి దూరి చూస్తే ఇనుప పైపుకి రబ్బరు ముక్క కలిసే చోట క్లిప్పు కింద తుప్పు, రబ్బరు గట్టిపడి గోరుతో గీస్తే పగుళ్లు కనిపిస్తున్నాయి. బయటికి మాత్రం పూర్తిగా పొడిగా ఉంది! తుప్పు పట్టిన చోటు దాటి కొత్త రబ్బరు వేసి బిగించాను. పంప్ ముందు భాగం పొడిగానే ఉంది. నాజిల్ రిటర్న్ పైపులు ఇంకా మార్చలేదు, పైకి బాగానే ఉన్నాయి.

ఎత్తు వైపు తిప్పి రాత్రంతా నిలబెట్టినా పొద్దున వెంటనే అందుకుంది. రెండు డౌట్లు మిగిలాయి: ఇంకా పారదర్శక పైపులో చిన్న బుడగ ఒకటి కనిపిస్తోంది, అది సమస్యా? ఆ పైపు ముక్కలు అలాగే ఉంచేయొచ్చా, చూడటానికి వీలుగా ఉంది?

రాత్రిషెడ్డు:

బుడగ ఒకటే ఉండి, పైపు వంపులో కదలకుండా నిలబడి, పెద్దది కాకపోతే పట్టించుకోకండి. కొత్తవి పుడుతూ పంప్ వైపు పరుగెడుతుంటే మాత్రం ఇంకా వెతకాలి.

పారదర్శక ముక్కలు తీసేయండి. మామూలు ప్లాస్టిక్ పైపు డీజిల్‌కీ ఇంజిన్ వేడికీ కొన్నాళ్లకి గట్టిపడి, క్లిప్పు దగ్గర పగిలి, మళ్లీ మొదటికొస్తుంది. డీజిల్‌కి పనికొచ్చే రబ్బరు పైపే వేయండి, నీళ్ల పైపులు వద్దు, లోపలి కొలత ఇనుప పైపు బయటి కొలతకి సరిగ్గా ఉండాలి. వదులు పైపుని క్లిప్పుతో పిండి సరిపెడితే మడత పడి అక్కడే గాలి పోతుంది.

నాజిల్‌మాస్టర్:

రిటర్న్ పైపులు పైకి బాగున్నా మార్చేయండి, మిగతా రబ్బరు ఆ స్థితిలో ఉంటే అవీ అదే వయసువి. ఆ పనిలో ఉండగా హీటర్ ప్లగ్‌లు కూడా కొలవండి, కలిపే పట్టీ తీసేసి ఒక్కో ప్లగ్‌కీ ఇంజిన్ బాడీకీ మధ్య ఓమ్స్ చూడాలి. బాగున్నవన్నీ దాదాపు ఒకేలా, చాలా తక్కువ చూపిస్తాయి, ఒక ఓమ్‌కి అటూ ఇటూ. ఏదైనా ఒకటి అసలు రీడింగే చూపించకపోతే అది కాలిపోయింది.

పాతబండి:

ఈ ఆదివారం రిటర్న్ పైపులు, ప్లగ్‌లు రెండూ చూస్తాను. మెకానిక్‌కి ఫోన్ చేసి పంప్ దింపే పని లేదని చెప్పేశాను, ప్రైమర్ అని చెప్తే "అదీ చూద్దామనుకున్నా" అన్నాడు 🙂